సంతలో అమ్మవలెనా? సొంత అంగడి పెట్టవలెనా?

గ్రామములో తయారైన వస్తువును గ్రామములో కూర్చుండియే దేశమంతటను అమ్ముకొనుటకు నేడు వీలు కలిగినది. చేతిలోని ఫోనుపై బొమ్మను చూచి, ధర చూచి, అక్కడనే డబ్బు చెల్లించి సరకు తెప్పించుకొనువారు మహానగరములలోనే గాక చిన్న పట్టణములందును పెరిగిరి. మంగళగిరి చీరయు, పోచంపల్లి దుప్పటియు, ఏటికొప్పాక లక్కబొమ్మయు, ఆత్రేయపురపు పూతరేకులును నాలుగు చేతులు మారకుండ కొనువాని ఇల్లు చేరవచ్చునను ఆశ మన చేనేత సంఘములకును, మహిళా సంఘములకును కలుగుట సహజమే. ఆ ఆశ నిరాధారమైనదియు కాదు. ఐతే ఇట్టి అమ్మకమునకు రెండు దారులు కలవు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో వంటి పెద్ద ఆన్‌లైను మార్కెట్లలో చేరి అమ్ముట ఒకటి. సంఘము తన పేరిట తానే ఒక వెబ్‌సైటు పెట్టుకొని అమ్ముట రెండవది. ఏ దారి పట్టవలెనో తెలియక, ఎవరో వచ్చి చెప్పిన మాట నమ్మి, పొదుపు సొమ్మును ఒకే విడత ఖర్చు పెట్టి చేతులు కాల్చుకొనిన సంఘములు లేకపోలేదు.

ఇది సంఘముల వ్యవహారము గదా, పంచాయతీకి దీనితో నేమి పని యని కొందరు సభ్యులు అనుకొనవచ్చును. రాజ్యాంగమునకు చేయబడిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దానివలన చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు పేర్కొనబడినవి. ఆహారవస్తువుల తయారీతో కూడిన చిన్న పరిశ్రమలు, ఖాదీ గ్రామ కుటీర పరిశ్రమలు, సంతలు మార్కెట్లు అందు చేరియున్నవి. అన్నిటికంటె ముఖ్యముగా, సంఘమువారు సలహాకై మొదట తొక్కు గడప వార్డు సభ్యునిదో సర్పంచిదో గాని వేరొకరిది కాదు.

ఆన్‌లైను సంత, దాని ఆశీలు

పెద్ద ఆన్‌లైను మార్కెట్టును అర్థము చేసికొనుటకు మన వారపు సంతను తలచుకొనిన చాలును. సంతకు జనము తమంత తామే వత్తురు. అమ్మువాడు వారిని పిలువనక్కరలేదు. గోనె పరచి సరకు పెట్టుకొని కూర్చుండిన చాలును. అందుకు ప్రతిఫలముగా ఆశీలు చెల్లింపవలెను. ఆశీలు పాట పాడించుట పంచాయతీ సభ్యులకు కొత్త విషయము కాదు గనుక ఈ పోలిక సులభముగా బోధపడును. ఆన్‌లైను మార్కెట్టు వసూలు చేయు కమీషను ఈ ఆశీలు వంటిదే. భేద మేమనగా, మన సంతలో ఆశీలు గోనెకింత, గంపకింత యని బోర్డు మీద వ్రాసియుండును. ఆన్‌లైను సంతలో అది వస్తువు రకమును బట్టి, ధరను బట్టి, దూరమును బట్టి మారును. కమీషనుకు తోడు ఒక్కొక్క అమ్మకముపై స్థిర రుసుము, రవాణా ఖర్చు, ఈ సేవలన్నిటి మీద నూటికి 18 వంతున జి.ఎస్.టి. చేరును. ఈ రేట్లను ఆ సంస్థలు ఎప్పటికప్పుడు మార్చుచుండును. కొన్ని సంస్థలు తక్కువ ధర వస్తువులపై కమీషనును తీసివేసిన సందర్భములును కలవు. కావున గత సంవత్సరపు లెక్కతో ఈ సంవత్సరము దిగరాదు.

సంతలో మరొక విశేషము కలదు. మన పక్క గోనెవాడు అదే సరకును రూపాయి తక్కువకు అమ్మినచో కొనువాడు అటే పోవును. ఆన్‌లైను సంతలో పక్క గోనెలు పది కాదు, పదివేలు. ‘ఇకత్ చీర’ యని వెదకినవానికి మగ్గముపై నేసిన చీరయు, మరయంత్రముపై నేసి ఆ నమూనా అచ్చు వేసిన చీరయు పక్కపక్కనే కనబడును. ఒకదాని ధర ఆరు వేలు, రెండవదాని ధర ఆరు వందలు. ఫోను తెరపై రెండును ఒకే తీరున మెరయును. చేతితో తాకి చూచిన గాని తెలియని భేదము బొమ్మలో ఎట్లు తెలియును? నేతగానికి నష్టము జరుగునది ఇచ్చటనే.

ఒక లెక్క

మాటలకన్న లెక్క మేలు. ఈ క్రింది అంకెలు ఏ సంస్థవియు కావు. తీరు తెలియుటకై మేము వేసినవి. సభ్యులు తమ గ్రామపు అంకెలను ఇదే చోట పెట్టి చూచుకొనవచ్చును.

ఒక నూలు చీర ధర, చీరపై పన్ను గాక, 2000 రూపాయలనుకొందము. నూలు, రంగు, ఆసు పోయుట, నేత కూలి అన్నియు కలిపి సంఘమునకు పడినది 1500. ఆన్‌లైను మార్కెట్టులో కమీషను నూటికి 12 వంతున 240, స్థిర రుసుము 40, రవాణా 90, మొత్తము 370. దీనిపై 18 వంతున పన్ను 67. వెరసి 437 రూపాయలు పోగా సంఘము చేతికి వచ్చునది 1563. అనగా చీరకు మిగులు 63 రూపాయలు. జి.ఎస్.టి. నమోదు కలిగిన సంఘము ఆ 67 రూపాయలను తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకొనవచ్చును. నమోదు లేని సంఘమునకు ఆ సొమ్ము పోయినట్లే.

అరువది మూడు రూపాయలైనను లాభమే గదా యని తృప్తి పడుటకు ముందు తిరుగు సరకు సంగతి చూడవలెను. పది చీరలు పంపగా రెండు తిరిగి వచ్చినవనుకొందము. రంగు బొమ్మలో కనబడినట్లు లేదని ఒకరు, ఇంటి వద్ద డబ్బు చెల్లింతుమని తెప్పించుకొని తీరా వచ్చినప్పుడు తలుపు తీయనివారు మరొకరు. పోను రాను రవాణా సంఘమే భరింపవలసివచ్చినచో, పన్నుతో కలిపి ఒక్కొక్కదానికి 212 చొప్పున సుమారు 425 రూపాయలు. అమ్ముడైన ఎనిమిది చీరల మిగులు 504. అందుండి 425 పోగా మిగిలినది 79 రూపాయలు. ఎనిమిది చీరలకు డెబ్బది తొమ్మిది! నేతగాని ఇంట దీపమునకు నూనె కూడ దానితో రాదు.

చేనేతకు ఈ తిరుగు సరకు బెడద ఎక్కువ యగుటకు కారణము కలదు. మగ్గముపై నేసిన రెండు చీరలు అచ్చముగా ఒకే తీరున ఉండవు. రంగు తొట్టి మారినను, ఎండ మారినను ఛాయ మారును. అది దోషము కాదు, చేతిపని లక్షణము. కాని ఆన్‌లైను మార్కెట్టు ఏర్పాటంతయు ఒకే బొమ్మ పెట్టి ఒకే తీరు సరకు వందల కొలది అమ్మువారికై అమర్చబడినది. ఒక్కొక్క చీరకు వేరువేరుగా బొమ్మ తీసి, కొలతలు వ్రాసి, ‘చేతినేత గనుక స్వల్ప భేదము ఉండును’ అని స్పష్టముగా తెలిపినచో తిరిగి వచ్చునవి కొంత తగ్గును. బొమ్మను మిట్టమధ్యాహ్నపు ఎండలో గాక, ఉదయపు వెలుతురులో నీడపట్టున తీయవలెను.

ఇంత చెప్పినంత మాత్రమున ఆన్‌లైను సంత పనికిరానిదని మా అభిప్రాయము కాదు. కొనువారి నమ్మకము దానికి కలదు. ఊరు పేరు తెలియని సంఘమునకు తెలియని మనుష్యుడు రెండు వేలు ముందుగా పంపుట అరుదు. సరకు నచ్చకున్న డబ్బు తిరిగి వచ్చునన్న ధీమాతో పెద్ద మార్కెట్టులో పంపును. సరకును ఇంటి వద్దనుండి తీసికొనిపోవు ఏర్పాటును, డబ్బు వసూలును ఆ సంస్థయే చూచుకొనును. ఏ ధరకు ఏ సరకు పోవునో, ఏ రంగు అడుగుచున్నారో నేర్చుకొనుటకు అది మంచి బడి వంటిది. ఐతే బడి జీతము ఎంతయో ముందుగా తెలిసికొని చేరవలెను.

సొంత అంగడి

సొంత వెబ్‌సైటు అనగా మన వీధిలో మనమే కట్టుకొనిన అంగడి. ఆశీలు లేదు. పక్క గోనె లేదు. ధర మన ఇష్టము. వచ్చినవానికి చీర కథ చెప్పవచ్చును. నేసినవారి మగ్గమును చూపవచ్చును. అన్నిటికన్న విలువైనది, కొనినవారి చిరునామాయు ఫోను నంబరును మన పుస్తకములో ఉండును. సంక్రాంతికి ముందు వారికి ఒక మాట వ్రాసి కొత్త సరకు చూపవచ్చును. పెద్ద మార్కెట్టులో కొనినవాడు ఆ మార్కెట్టు ఖాతాదారుడు గాని మన ఖాతాదారుడు కాడు. అచ్చట వెయ్యిమంది కొనినను మన చేతిలో వారి పేర్ల పట్టిక ఉండదు.

మరి ఖర్చు? వెబ్‌సైటు పేరు, దానికి స్థలము, అంగడి నడుపు సాఫ్ట్‌వేరు, బొమ్మలు తీయించుట కలిపి సంవత్సరమునకు 18,000 రూపాయలనుకొందము. పై చీరనే ఇచ్చట అమ్మినచో, డబ్బు వసూలు చేయు గేట్‌వే సంస్థకు నూటికి రెండు వంతున పన్నుతో 47, తపాలా ఖర్చు పన్నుతో 106, మొత్తము 153. చీరకు మిగులు 347. ఏటి ఖర్చు పూడుటకు 52 చీరలు అమ్మవలెను. అనగా వారమునకు ఒక్క చీర. యు.పి.ఐ. ద్వారా చెల్లింపులపై వ్యాపారి వద్ద రుసుము తీసికొనరాదని 2020 జనవరి 1 నుండి నియమము కలదు. ఐనను గేట్‌వే సంస్థలు తమ సేవకు వేరుగా కొంత పుచ్చుకొనవచ్చును గనుక అడిగి తెలిసికొనుట మంచిది.

వారమునకు ఒక్క చీర యనగానే సంతోషపడవలదు. సొంత అంగడిలో జనసంచారము ఉండదు. అది ఊరి చివర సందులో కట్టిన అంగడి. దానిని జనమునకు తెలియజేయుటకు ప్రకటనలు వేయవలెను. ఫేస్‌బుక్కులోను, గూగులులోను వేసిన ప్రకటన ఖర్చును ఆ ప్రకటన చూచి కొనినవారి సంఖ్యతో భాగించి చూడవలెను. ఒక్కొక్క కొనుగోలుదారునికి 300 పడినచో 347లో మిగిలినది 47. అప్పుడు 52 చీరలు కాదు, 383 చీరలు అమ్మిన గాని ఏటి ఖర్చు రాదు. రెండవసారి వచ్చి కొనువానికి ప్రకటన ఖర్చు లేదు. కావున సొంత వెబ్‌సైటు బ్రతుకంతయు తిరిగి వచ్చు కొనుగోలుదారులపై ఆధారపడియున్నది. ఒకసారి కొని మరల పదేండ్లకు గాని కొనని వస్తువునకు సొంత వెబ్‌సైటు గిట్టుట కష్టము. నెలనెల తెప్పించుకొను పచ్చళ్ళు, కారప్పొడులు, కాఫీపొడి వంటివానికి గిట్టుబాటగు అవకాశము మెండు. ఈ ఒక్క మాటను గట్టిగా పట్టుకొనిన, మిగిలిన చర్చ సగము తేలిపోవును.

పేరు గల సరకు, పేరు లేని సరకు

కొనువాడు దేనిని వెదకుచు వచ్చుననునది రెండవ ప్రశ్న. ‘నూలు తువాలు’ యని వెదకువానికి మన గ్రామముతో పని లేదు. అట్టి సరకు సంతలోనే అమ్ముడగును. ‘ఆత్రేయపురం పూతరేకులు’ యని వెదకువాడు ఆ ఊరినే వెదకుచున్నాడు. అట్టి పేరు గల గ్రామమునకు సొంత అంగడి పెట్టుకొనుటకు బలము కలదు. ఈ పేర్లకు 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టము రక్షణ నిచ్చుచున్నది. పోచంపల్లి ఇకత్‌కు 2004–05లోను, ఉప్పాడ జాందానీ చీరలకు 2009లోను, ఏటికొప్పాక బొమ్మలకు 2017లోను, ఆత్రేయపురం పూతరేకులకు 2023లోను ఈ గుర్తింపు లభించినది.

ఐతే ఊరికి గుర్తింపు వచ్చినంత మాత్రమున ఊరిలోని ప్రతివారికి ఆ ముద్ర వాడుకొను హక్కు రాదు. తయారుదారులు చెన్నైలోని భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారులుగా తమ పేర్లు నమోదు చేసికొనవలెను. ఈ పని చేయని సంఘము నకిలీ అమ్మువానిపై ఫిర్యాదు చేయబోయినప్పుడు ‘మీరెవరు?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేదు. పంచాయతీ శ్రద్ధ తీసికొనదగిన పని ఇది. చేనేతకు కేంద్ర ప్రభుత్వము 2006లో ప్రవేశపెట్టిన హ్యాండ్‌లూమ్ మార్కు కూడ కలదు. ఆ చీటీ చీరపై ఉన్నచో, బొమ్మలో దానిని కూడ చూపుట మేలు.

పూతరేకుల వంటి వస్తువునకు మరొక చిక్కు కలదు. వేడి కుండపై పల్చగా తీసిన రేకు చిన్న ఒత్తిడికే పొడియగును. దానిని పంపుటలో రుచికన్న పెట్టె ముఖ్యము. కొండపల్లి బొమ్మలకును అంతే. తెల్లపొణికి కర్ర తేలిక, అందుచేత తపాలా ఖర్చు తక్కువ. కాని అంబారీ ఏనుగు తొండము విరిగి చేరిన బొమ్మను ఎవరు ఉంచుకొందురు? సరకు పగులు స్వభావము కలదైనచో ముందు పెట్టె సంగతి తేల్చుకొని తరువాత వెబ్‌సైటు మాట తలపెట్టవలెను. నాలుగు పెట్టెలను బస్సుపై వేయించి తిరిగి తెప్పించి చూచిన వెంటనే తెలిసిపోవును.

చట్టము అడుగునవి

పన్ను విషయమున ఒక ముఖ్యమైన మార్పు సభ్యులకు తెలియవలెను. ఆన్‌లైను మార్కెట్టులో సరకు అమ్ముటకు ఎంత చిన్న అమ్మకందారుడైనను జి.ఎస్.టి. నమోదు చేయించుకొని తీరవలెనని మొదట నియమముండెను. 2023 అక్టోబరు 1 నుండి, నమోదు పరిమితికి లోబడిన చిన్న అమ్మకందారులు ఒక నమోదు సంఖ్య మాత్రము తీసికొని తమ రాష్ట్రములోపల అమ్ముకొనుటకు వీలు కలిగినది. రాష్ట్రము దాటి ఆన్‌లైను మార్కెట్టులో అమ్మవలెననిన పూర్తి నమోదు తప్పదు. విజయవాడకు అమ్ముటకు ఒక నియమము, బెంగుళూరుకు అమ్ముటకు మరొక నియమము అన్నమాట. సొంత వెబ్‌సైటు ద్వారా రాష్ట్రము దాటి పంపువారును ముందుగా పన్నుల కార్యాలయములో అడిగి తెలిసికొనవలెను.

తినుబండారములు అమ్మువారికి, దారి ఏదైనను, ఆహార భద్రతా సంస్థ వారి నమోదు అవసరము. కట్టిన పొట్లముపై తయారుదారుని పేరు, చిరునామా, నికర తూకము, తయారైన నెల, గరిష్ఠ ధర ఉండవలెనని తూనికలు కొలతల నియమములు చెప్పుచున్నవి. 2018 జనవరి 1 నుండి ఈ వివరములలో ముఖ్యమైనవి ఆన్‌లైనులోను కనబడవలెను. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ–కామర్సు నియమముల ననుసరించి కొనినవారి ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, ఒక నెలలో పరిష్కరింపవలెను. సొంత వెబ్‌సైటు పెట్టినవారికి ఈ భారము నేరుగా తమపైననే పడును. సంఘములో ఫోను ఎత్తి మర్యాదగా జవాబు చెప్పు మనిషి ఒకరుండవలెను. అమ్మకపు పని సగము అదియే.

విదేశములలోని మన తెలుగువారికి అమ్మవచ్చునను తలంపు చాల గ్రామములలో కలదు. అమెరికాలో 800 డాలర్ల లోపు విలువ గల పొట్లములకు ఉండిన సుంకపు మినహాయింపు 2025 ఆగస్టు 29న తొలగిపోయినది. దానికి కొద్ది దినముల ముందే మన తపాలా శాఖ అచ్చటికి పార్సెళ్ళ స్వీకారమును చాలవరకు నిలిపివేసి, మరల అక్టోబరు 15న ప్రారంభించినది. దసరా దీపావళుల సరకు ఆ నడుమ చిక్కుకొనినవారికి దాని బాధ తెలియును. ఒకే దేశముపై, ఒకే దారిపై అమ్మకమంతయు ఆధారపడియుండుటలోని ప్రమాదము ఇట్టిది. పెద్ద మార్కెట్టులోని ఖాతా ఏదో కారణమున హఠాత్తుగా నిలిచిపోయినను ఇదే గతి.

నడిమి దారులు

రెండు దారులలో ఒక్కటియే పట్టవలెనను నియమ మేదియు లేదు. చాల గ్రామములలో నేడు వాట్సాపుపై బొమ్మలు పంపి, యు.పి.ఐ. ద్వారా డబ్బు తీసికొని, స్పీడుపోస్టులో సరకు పంపుట జరుగుచునే యున్నది. ఇది వెబ్‌సైటునకు తొలి మెట్టు. ప్రభుత్వపక్షమున ఇ–సరస్ అను అంగడి మహిళా సంఘముల వస్తువులకును, ఇండియా హ్యాండ్‌మేడ్ అను అంగడి చేనేత హస్తకళా వస్తువులకును ఏర్పడినవి. 2016 ఆగస్టులో ప్రారంభమైన జెమ్ అను మార్కెట్టులో కొనువారు ప్రభుత్వ కార్యాలయములే గనుక దుప్పట్లు, తివాచీలు వంటివి నేయు సంఘములు అటును చూడవలెను. ఓ.ఎన్.డి.సి. అనునది అంగడి కాదు. వేరువేరు అంగళ్ళను కలుపు బాట. 2021 డిసెంబరులో సంస్థగా నమోదై, 2022లో ప్రయోగము ప్రారంభించినది. ఒక చోట సరకు చేర్చినచో ఆ బాటపైనున్న పలు ఆప్‌లలో కనబడునట్లు దాని ఏర్పాటు.

మా సలహా యడిగినచో, కొత్తగా దిగు సంఘము మొదటి మూడు నెలలు ఒకటి రెండు రకముల సరకును మాత్రము ఆన్‌లైను సంతలో పెట్టి, ప్రతి అమ్మకమునకు ధర, కోతలు, తిరిగి వచ్చినది లేనిది ఒక నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. ఆ కాలములోనే వాట్సాపు ద్వారా నేరుగా కొనువారి పట్టిక పెంచుకొనవలెను. ఆ పట్టికలో రెండవసారి కొనినవారు వారమునకొకరు చొప్పున కనబడనారంభించిన నాడు వెబ్‌సైటునకు సమయము వచ్చినదని తలపవచ్చును. అంతకుముందు పెట్టిన వెబ్‌సైటు ఎక్కువ పాళ్ళు పెట్టినవాని ముచ్చటకే మిగులును. ఈ మాట వెబ్‌సైట్లు కట్టు వ్యాపారులకు రుచింపకపోవచ్చును.

వెబ్‌సైటు కట్టించునప్పుడు జరుగు ఒక పొరపాటు గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. వెబ్‌సైటు పేరును కట్టించినవాడు తన పేరిట నమోదు చేసికొనును. రెండేండ్లకు అతడు ఊరు విడిచిపోవును, లేదా రుసుము రెట్టింపు చేయును. పేరు అతనిది గనుక సంఘము ఏమియు చేయలేదు. చీటీలపై, పెట్టెలపై అచ్చు వేయించిన పేరంతయు వ్యర్థమగును. కావున పేరు సంఘము పేరిట, సంఘపు ఈ–మెయిలుతో, సంఘపు ఫోను నంబరుతో నమోదు కావలెను. ‘.ఇన్’ తో ముగియు పేర్లే గాక తెలుగు లిపిలో ‘.భారత్’ తో ముగియు పేర్లును దొరకును. పేరు గడువు తీరు తేదీ, రహస్య పదములు, గేట్‌వే ఖాతా వివరములు ఒక కవరులో పెట్టి సీలు వేసి సంఘపు బీరువాలో ఉంచవలెను. గడువు తేదీని తీర్మానముల పుస్తకపు మొదటి పుటపైన వ్రాసియుంచవలెను. రుసుము కట్టక గడువు దాటినచో ఆ పేరును మరొకడు కొనుగోలు చేయవచ్చును. కట్టించినవానితో ఒడంబడిక వ్రాయించునప్పుడు సంఘము కోరినచో పంచాయతీ కార్యదర్శి దానిని ఒకసారి చదివి చూడవచ్చును. అందుకు అరగంటకన్న పట్టదు.